శరభయ్య వేసిన ముడి

మలికిపురం దాటేక కాలవ గట్టు మీద కొబ్బరి వర్తకుల పాత మేడ ఒకటుండేది. పొద్దు వాలితే ఆ గట్టున ఎవరూ నడిచేవారు కారు. సైకిలు వాళ్లు కూడా దిగి, అవతలి గట్టుకి దాటి, మళ్లీ ఎక్కేవారు.

ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట — రోజూ రాత్రి ఏడూ నలభైకి ఆ మేడలో టైపు మిషను తనంతట తనే కొట్టుకుంటుంది.

ఇది నేను చూసింది కాదు. మా బావమరిది గౌరీశంకరం చెప్పింది. ఎనభై ఆరో సంవత్సరం. అప్పటికి వాడికి ఆ మేడలో ఉద్యోగం కొత్త, నాకు మోకాళ్ల నొప్పులు కొత్త. ఉద్యోగం పోయింది, నొప్పులు ఉన్నాయి. సరే, ఆ సంగతి అలా ఉంచండి.

ఆ మేడని గ్యాసు తవ్వే కంపెనీ ఒకటి అద్దెకి తీసుకుని, బీరువా అంత కంప్యూటరు పెట్టింది. చుట్టుపక్కల నాలుగు గ్యాసు బావుల్లో ఒత్తిడి ఎంతుందో ఆ కబురు తీగల మీద దానికి చేరేది. ఒత్తిడి హద్దు దాటితే ఆ కంప్యూటరే బావి దగ్గర గంట కొట్టి, కవాటం మూసేది.

దాన్ని చూసుకునే శరభయ్య, వేదం ముందుకీ వెనక్కీ వల్లించే ఘనాపాఠీల ఇంటివాడు. నేను చెప్పబోయే రాత్రికి ఆరు నెలల కిందట ఓ శనివారం ఏడూ నలభైకి డ్యూటీ దిగి, సొంతూరు కపిలేశ్వరపురం బయల్దేరేడు. రేవులో నావ తిరగబడింది...

ఆ మర్నాటినుంచే మొదలు. కంప్యూటరుకి తగిలించిన టైపు మిషను ఒక్క వరస కొట్టేది. రోజూ అవే ఆరంకెలు. కాగితం కాస్త పైకి జరిగి, ఆగిపోయేది.

ఆ రాత్రి వాన. గౌరీశంకరం ముందురోజు పొద్దుటినుంచీ డ్యూటీలోనే ఉన్నాడు. మారు రావలసినవాడు రాలేదు. కళ్లు మండిపోతున్నాయి. ఏడు దాటేక గమనించేడు — నాలుగో బావి నుంచి కబురు రావడం లేదు. రెండు బావుల కబుర్లు ఒకే క్షణంలో వస్తే కంప్యూటరు ఒకదాన్ని మింగేస్తోంది. తప్పు దాని మూల ప్రోగ్రాములో ఉంది. కెర్నెల్ అంటారుట, తక్కినవన్నీ దాని చెప్పుచేతల్లో నడుస్తాయి.

నాలుగో బావి దగ్గర గంగరాజు, మరో ఇద్దరు గొట్టం అతుకు మారుస్తున్నారు. గంట మోగితే పరుగెత్తాలి. మోగదని వాళ్లకి తెలీదు. ఫోను వానకి పోయింది.

మిషను ఆపి, సరిచేసి, మళ్లీ ఎక్కించాలంటే అరగంట. ఆ అరగంటా నాలుగు బావులకీ కాపలా ఉండదు. నడుస్తుండగానే మార్చాలి.

మా మామగారి చేలో కాలవ పారుతుండగానే తూము మార్చడం చూశాను. పక్కన పొడినేల మీద కొత్త బోదె పూర్తిగా తవ్వుకుని, ఆఖర్న ఒక్క గండి కొట్టేరు. ఇదీ అంతేట. కొత్త ఆదేశాలన్నీ మెమొరీలో ఖాళీ చోట ముందు రాసుకోవాలి. చివర్న, పాత దారి మొదట్లో ఒక్క ఆదేశం మార్చాలి — ఇటు కాదు, అటు వెళ్లమని. అది తప్పయితే మొత్తం ఆగిపోతుంది.

ఖాళీ చోటు వెతుకుతున్నాడు...

టక టక టక.

గుమ్మంలో కాపలా మనిషి పైడమ్మ గొంతు. "వచ్చేరండి."

"ఎవరు?"

"శరభయ్యగారండి."

అవే ఆరంకెలు. నెల్లాళ్లుగా చూస్తున్నవే. కాని అప్పటిదాకా మెమొరీ చోట్ల నంబర్లే చూసిన కళ్లకి అదీ ఓ చోటు నంబరులా కనబడింది. తీసి చూసేడు.

ఖాళీగా లేదు.

ఇరవై ఏడు ఆదేశాలు. ఇదే తప్పుకి, ఇదే మందు. అంతా సిద్ధం — ఆ ఆఖరి ఆదేశం తప్ప.

"మర్చిపోకుండా ముడి వేసుకున్నాడు మహానుభావుడు," అన్నాడు గౌరీశంకరం. మనం ఉత్తరీయం కొసన వేసుకోమూ, అలాగ.

మరి తనే ఎందుకు పూర్తి చెయ్యలేదు? మిషను పక్కన అతికించిన కాగితం మీద శరభయ్య చేతిరాత ఉంది: 'ఒకరు చదవాలి, ఒకరు చూడాలి. ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి.' ఆ శనివారం రెండో మనిషి లేడు.

"పైడమ్మా, నీకు అంకెలొచ్చా?"

"చేపల తూకం చూసేదాన్నండి. వచ్చండి. దెయ్యం అంకెలు మాత్రం చదవనండి."

"నాలుగో బావి దగ్గర నీ తమ్ముడున్నాడు."

పైడమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికొచ్చింది.

గౌరీశంకరం ఆఖరి ఆదేశం టైపు చేసి, మీట నొక్కకుండా ఆగేడు. పైడమ్మ టైపయిన కాగితం చూసి చదివింది, అతను ఆదేశం ముందుగా రాసుకున్న పుస్తకంలో చూసుకున్నాడు. ముందునుంచి సరిపోయిందనుకున్నాడు. వెనకనుంచి మూడో అంకె దగ్గర —

"ఏడండి."

"ఒకటి కదూ?"

"ఏడేనండి. తూకంలో కూడా ఇక్కడే మోసం చేస్తారు."

నిజమే. తన వేలే తప్పింది. దిద్దేడు. మళ్లీ చదివించేడు. మీట నొక్కేడు.

మిషను ఆగలేదు... ఒక నిమిషం... రెండు... నాలుగో బావి కబురు వచ్చింది. ఒత్తిడి హద్దుకి వెంట్రుకవాసిలో ఉంది. ఎనిమిది కాకముందే దాటింది. మిషను గంట కొట్టి, కవాటం మూసింది.

తొమ్మిదింటికి గంగరాజు తడిసి ముద్దయి వచ్చేడు. "అంత గంటేంటండీ, చెవులు పోయేయి. టీ ఉందా అక్కా?"

మర్నాడు ఏడూ నలభై అయింది. టైపు మిషను మోగలేదు.

"ముడి విప్పేసేరా బాబుగారూ?" అంది పైడమ్మ.

గౌరీశంకరం మిషను ముందు కూర్చున్నాడు. రోజూ ఆ అంకెలు కొట్టించేది వేరే చిన్న ప్రోగ్రాము. తీసి చదివేడు. పదకొండు ఆదేశాలు. ఏడూ నలభైకి కొట్టు — అంతే. పని పూర్తయితే ఆగమని ఎక్కడా లేదు. చెక్కుచెదరకుండా నడుస్తూనే ఉంది, మోత మాత్రం లేదు.

"నేను మార్చింది ఒక్క ఆదేశమే బావా," అంటాడు ఇప్పటికీ. "ఆ ముడి నేను విప్పలేదు."