అవుట్‌బాక్సులో రెండు ఉత్తరాలు

ఇలా దగ్గరికి జరిగి కూకోండర్రా, ఆ టీవీ కాస్త కట్టేయండి. మన ఎమిలీ పెళ్లి ఎలా కుదిరిందో సెప్తాను.

తొంభై తొమ్మిదో సంవత్సరం, వానలు పట్టిన రోజులు. మన రైల్వే ఊళ్లో, ఝపటాపూర్ పేటలో, ఎమిలీ వాళ్ల ముందు గదిలోకి కంప్యూటర్ వచ్చింది. వాళ్ల నాన్న దావీదు రైల్వే వర్క్‌షాపులో రిటైరైపోయి చర్చి ఉత్తరాలన్నీ చూసేవాడు. ఈమెయిల్ పెట్టడానికి పక్క పేట ఇందాలోని కంప్యూటర్ షాపు నుంచి సొలొమోను అనే కుర్రాడు వచ్చినాడు. వస్తూనే తడి గొడుగు తీసికెళ్లి ఎమిలీ కుడుతున్న గుడ్డ మీద పెట్టినాడు.

"కళ్లు షాపులో మర్సిపోయి వచ్చినారా?"

"తెచ్చినానండీ. మిమ్మల్ని సూస్తూ గుడ్డని సూడలేదు."

ఆ వెంటనే ఇంకో తగువు, ఏ మెయిల్ పెట్టాలని.

"బ్రౌజర్‌లో తెరిసేదే పెట్టండి. ఎక్కడినుంచైనా సూసుకోవచ్చు," అంది ఎమిలీ.

"అది రాసినంతసేపూ ఫోన్ లైన్ వదలదండీ. మీరు ఒక్కో అక్షరం ఎతుక్కునేసరికి ఈ ఇంటికి ఎవరి ఫోనూ రాదు."

"నేనేం ఎతుక్కోను!"

"ఔట్‌లుక్ అయితే లైన్ లేకుండానే రాసుకోవచ్చు. రాసినవి అవుట్‌బాక్సులో కూకుంటాయి. లైన్ కలిపితే అన్నీ ఒక్కసారే ఎల్తాయి."

దావీదు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "అంటే పంపేముందు సదవొచ్చా?"

"ఎన్నిసార్లైనా, అంకుల్."

"అయితే అదే పెట్టు."

ఆ ఇంటి పద్ధతి అది మరి. కార్డు ముక్కైనా సరే, దావీదు అందరి ముందూ గట్టిగా చదివి, ప్రార్థన చేశాకే గడప దాటాలి.

తర్వాత సొలొమోను ఇంకో నాలుగుసార్లు వచ్చినాడు, సెట్టింగ్ చూడాలని.

"ఏటండీ, ఈ సెట్టింగ్ రెండ్రోజులైనా నిలబడదా?"

"వానాకాలం కదండీ!"

ఇద్దరూ నవ్వుకునేవారు. అసలు మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

ఇంతలో వైజాగు సంబంధం వచ్చింది. దావీదు అడిగితే ఎమిలీ తల దించుకుంది. ఆయన సిగ్గనుకున్నాడు. ఒక్క వేలితో, ఇంగ్లీషు అక్షరాల్లో, 'మాకు సమ్మతమే' అని టైపు చేసి అవుట్‌బాక్సులో ఉంచినాడు. ఆ రాత్రి ఎమిలీ పడుకోకుండా ఆ కంప్యూటర్‌నే చూస్తూ కూకుంది. నాన్న ముందు నోరు పెగల్దు. లైన్ కలిసిందా, ఇక అంతే.

ఆదివారం చర్చి అయ్యాక లైన్ కలపడానికి సొలొమోనుని పిలిచినారు. దావీదు కళ్లజోడు పెట్టుకొని వైజాగు ఉత్తరం చదివినాడు. సొలొమోను మొహంలో నెత్తురు లేదు.

"ఈ రెండోది ఏటి?" అంటూ దావీదు దాన్నీ చదవడం ఎత్తుకున్నాడు. "'సొలొమోను గారికి. ఇది మీ షాపుకి చేరేసరికి నా పెళ్లి కుదిరిపోద్ది. నేనంటే ఇష్టముంటే లైన్ కలపకముందే సెప్పండి. ఎమిలీ.'"

వాళ్లమ్మ ఎస్తేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏటమ్మా ఇది?"

"నువ్వు సదవందే ఏ ఉత్తరమూ ఎల్లదు కదా నాన్నా. నోటితో సెప్పలేకపోయినాను."

సొలొమోను లేచి నిలబడ్డాడు. "సెట్టింగ్ మొదటి రోజే అయిపోయింది అంకుల్. తర్వాతంతా తన కోసమే వచ్చినాను."

దావీదు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆఖరికి, "వైజాగుది తీసేయడం ఎలాగో సూపించు," అన్నాడు.

సొలొమోను కంగారులో బాణాన్ని తెరంతా తిప్పినాడు. ఎమిలీ మౌసు లాక్కుని తనే తీసేసింది.

"కళ్లు మూసుకోండి, ప్రార్థన సేద్దాం," అన్నాడు దావీదు.

ఆ గదిలో ఇద్దరు మాత్రం మూసుకోలేదు.

గుర్తెట్టుకోండర్రా. రేపు మీ పిల్లలకి సెప్పినప్పుడు ఈ ఆఖరి ముక్క వదిలేయకండేం!