మూరన్నర బెండు

నాలుగు ఆదివారాలు, నాలుగు వానలు, సున్నా చేపలు. ఫెర్గస్‌కి అనుమానం జలుబులా పట్టుకుంది.

రోజుకి రెండొందల గొర్రెల ఒంటి మీద ఉన్న ఉన్నినంతా దించేసే మొనగాడు, టొంగరీరో నదిలో గాలానికి బెండుగా కట్టిన చిటికెడు ఉన్ని ముందు ఓడిపోవడమా! లోపం ఉన్నిలో ఉన్నట్టు లేదు. ఉంటే గింటే ఆ ఉన్ని కట్టే పిల్లలోనే ఉండాలి.

ఆ పిల్ల మరామా. గాలం పాఠాలు చెబుతుంది. మొదటి చేప పడ్డ రోజుతో పాఠాలు సరి, అదీ ఆమె నియమం. క్లబ్బు పోటీలో ఏటా కప్పు ఆమెదే. ఈసారి పోటీకి ఫెర్గస్ కూడా పేరిచ్చాడు. చేప పోతే పోయింది, మనసిచ్చిన పిల్ల మోసగత్తె అయితే?

అందుకే ఇవాళ ఆమె వేళ్ళనే కాపు కాశాడు. ఆమె అతని గాలం దారానికి ఉరిముడి వేసి, తెల్ల ఉన్నిపోచ దూర్చి, బిగించి, కత్తిరించి, తేలడానికి జిడ్డు రాసింది.

"తెల్లదే ఎందుకు?"

"నురగలా కనిపిస్తుందని. ఎర్రదైతే చేపలు బెదిరిపోతాయి."

"మరి నన్ను చూసి?"

"నవ్వుకుంటాయి. బెండుని చూడు, నన్ను కాదు."

ఆమె అటు తిరగగానే, గట్టున ఆనించిన ఆమె గాలాన్నీ తన గాలాన్నీ చేత్తో కొలిచాడు.

"మరామా! బెండు నుంచి పురుగు దాకా నీది బారన్నర, నాది మూరన్నర! చేపలేమో అడుగున, నా పురుగేమో నడిమధ్యన. మోసం కదూ?"

"అవును."

బుకాయిస్తుందనుకున్నవాడు బిత్తరపోయాడు. "కప్పు కోసమా?"

"కప్పా? వాటిలో మా నాన్న మేకులు వేసుకుంటాడు."

"మరెందుకు?"

"చేప పడితే పాఠాలైపోతాయి. నువ్వు నీ గొర్రెల వెంట పోతావు."

చేప పట్టడానికొచ్చినవాడు తనని చేపట్టే ఆలోచనలో ఉన్నాడని పాపం ఆమెకేం తెలుసు! అతని బెండుని బారన్నరకి జరిపింది.

"వెయ్యి. ఈసారి పడుతుంది."

వేశాడు. ఉన్నిపోచ పది అడుగులు తేలి, ఆగి, బుడుంగున మునిగింది.

"పడింది! కర్రెత్తు ఫెర్గస్, ఎత్తు!"

అతను ఎత్తలేదు. కాసేపటికి బెండు తీరిగ్గా పైకి తేలింది.

"కళ్ళు కనిపించవా? ఎందుకెత్తలేదు?"

"వచ్చే ఆదివారం కూడా పాఠం కావాలి, పంతులమ్మా."

మరామా అతని మొహంలోకి అనుమానంగా, చాలాసేపు చూసింది. తర్వాత అతని దారం అందుకుని, బెండుని మళ్ళీ మూరన్నరకి దించేసింది.