ఎనభై ఎనిమిది శాతం

2087లో విశాఖ రేడియో వాన సూచన తర్వాత యుద్ధ సూచన కూడా చదివేది. ఆ అంకెను సంకల్పమాపిని ఇచ్చేది. ఒక బృందంలోని మనుషుల మాటలు, వాటి మధ్య తటపటాయింపులు విని, ఆ బృందం ఏం చేయబోతోందో శాతాల్లో చెప్పే యంత్రం అది.

ఆ శుక్రవారం అంకె ఎనభై ఎనిమిది. తోరాన్ దేశపు రక్షణ మండలి పక్కనున్న సేల్మా దీవిని ఆక్రమించే అవకాశం అది. ఆ దీవి ఎవరిదన్న తగాదా యాభై ఏళ్లుగా తెగలేదు. సాయంత్రం ఐదింటికి అంకె ప్రకటించాలి. ప్రకటిస్తే దీవి జనం తుపాను సముద్రంలోకి పడవలెక్కుతారు. దాచిపెడితే వాళ్లు ఇళ్లలో ఉండగానే యుద్ధనౌకలు రావచ్చు. యంత్రాన్ని నడిపే నిశ్చల చెల్లెలు వినీల ఆ దీవి ఆసుపత్రిలో నర్సు. మంచాన ఉన్నవాళ్లను వదిలి రానని పొద్దున్నే ఫోన్లో తేల్చేసింది.

ఒంటిగంటకు ప్రయోగశాల పెద్ద ప్రొఫెసర్ సన్యాసిరావు నిశ్చల గది తలుపు దగ్గరికి వచ్చాడు.

"శుక్రవారం కదేటమ్మా. మెస్‌కి పోదుమా?"

ఆరేళ్లుగా ప్రయోగశాలలోని ఐదుగురూ శుక్రవారం బీచ్ రోడ్డు మెస్‌లో రొయ్యల బిర్యానీ తింటున్నారు. ఫిరోజ్ సరేనన్నాడు. మిగతా ఇద్దరూ తలూపారు. ఆకలి లేకపోయినా నిశ్చల కూడా లేచింది.

చెప్పులు వేసుకుంటుండగా ఆమె చెవిలో యంత్రం పలికింది.

"ఈ బృందం మెస్‌కి వెళ్లే అవకాశం తొంభై ఆరు శాతం మేడమ్."

"అది నాకూ తెలుసు."

"నిర్ణయం ఒక్కొక్కరికే వదిలేస్తే ఎవరిదీ పదిహేను దాటదు."

మరి ఎందుకు వెళ్తున్నామని అడిగింది. మిగతా నలుగురికీ ఇష్టమని ఎవరికి వారు అనుకుంటున్నారని యంత్రం చెప్పింది.

నిశ్చల వాళ్లను వెళ్లమని చెప్పి వెనక్కి వచ్చి కూర్చుంది. తోరాన్ మండలిలో తొమ్మిదిమంది. ఇన్నాళ్లూ సభల ప్రసారాల్లో వాళ్ల మాటలు విని, అందరినీ కలిపే లెక్కకట్టారు. ఇప్పుడు ఒక్కొక్కరినీ విడదీసి లెక్కకట్టమని యంత్రానికి చెప్పింది. గంటన్నర పట్టింది. తొమ్మిది, పదకొండు, ఆరు. సభల్లో అందరికంటే గట్టిగా గర్జించిన సేనాపతిది నాలుగు. యుద్ధం వద్దంటే పిరికివాడంటారని ప్రతివాడూ మిగతా ఎనిమిదిమందికి భయపడుతున్నాడు.

ఐదింటికి రేడియో రెండంకెలు చదివింది. అందరూ కలిస్తే ఎనభై ఎనిమిది. ఎవరికి వారైతే సగటున తొమ్మిది. పేర్లు చెప్పలేదు. రెండో అంకె విని దీవి జనం పడవలెక్కకుండా ఆగారు.

మర్నాడు తోరాన్ మండలి కూర్చుంది. ఎవరో ఒకరు ముందుగా నోరు విప్పినట్టున్నారు. వాతావరణం బాగోలేదని నౌకల్ని వెనక్కి పిలిచారు. సోమవారానికి అంకె ఏడుకు దిగింది. వినీల ఫోన్ చేసి, డ్యూటీ దిగి పన్నెండు గంటలు పడుకున్నానని చెప్పింది.

మండలిని ఎలా విడదీసిందో నిశ్చల అందరికీ చెప్పింది. మెస్ సంగతి మాత్రం చెప్పలేదు.

శుక్రవారం ఒంటిగంటకు ప్రొఫెసర్ మళ్లీ వచ్చాడు. అందరూ తలూపారు. తొంభై ఆరు అంది యంత్రం ఆమె చెవిలో.

నిశ్చల చెప్పులు వేసుకోలేదు. "సార్, నాకా బిర్యానీ మొదట్నుంచీ సయించదు."

ఫిరోజ్ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ప్రొఫెసర్ జేబులోంచి మాత్రల పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు రొయ్యలే పడవమ్మా. మీకిష్టమని ఆరేళ్లబట్టి ఇది మింగి వస్తన్నాను."