ఎడమ తలుపు

కలిగిరి బస్టాండులో పట్టపగలు శాస్త్రవేత్త పెంచలయ్యను కాల్చి చంపారు. ఆయన చేతిలోని బ్యాగు మాయమైంది.

మర్నాడు ఆత్మకూరులో ఓ మెస్ మేడమీద ఏజెంట్ సారాకు బ్రీఫింగ్. సారాది చేజర్ల. ఒకప్పుడు జిల్లా కబడ్డీ జట్టులో రైడర్. చీఫ్ డేవిడ్‌రాజు ఓ ఫొటో ముందుకు తోశాడు. తీగలు వేలాడుతున్న నల్ల టోపీ.

“కాళ్లు పడిపోయినోళ్ల కోసం పెంచలయ్య చేసినాడమ్మా దీన్ని. బ్యాగులో పోయింది ఇదే. మనం అడుగెయ్యకముందే మెదడు కుడికీ, ఎడమకీ రెంటికీ సిద్ధపడతాది. రెండూ పోటీ పడతాయి. ఏది గెలుస్తాదో టోపీ ముందే కనిపెడతాది.”

“దాంతో హంతకులకేం పని సార్?”

“తుపాకీకి కలిపినారు. నువ్వు ఎటు దూకబోతే గుండు అటు ముందే వస్తాది. విక్టర్ అనే విదేశీయుడు ఇయ్యాళ ఉదయగిరిలో దాన్ని నడిపే ప్రోగ్రాం అమ్మతన్నాడు. వాడి ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా కాపీ లేదు.”

“లోపమేం లేదా?”

“దూకాలని తేల్చుకున్నాక కూడా ఆఖరి క్షణంలో ఆపుకోవచ్చంట. ఆ ఆపుకోడం టోపీకి తెలీదు. అక్కడ మధులత అని మన మనిషి ఉండాది. సగమే నమ్ము.”

ఉదయగిరి. చెక్క గరిటెల దుకాణంలోకి టోకు వ్యాపారి వేషంలో సారా అడుగుపెట్టింది.

“ఎడమచేతి గరిటె ఉండాదా?”

“మా గరిటెలు చేతులు చూడవు.”

కోడ్ సరిపోయింది. నల్లకళ్లద్దాలు, షిఫాన్ చీర, ఘాటైన సెంటు. మధులత నవ్వింది. “రా మే. సరుకు లోపలుండాది.”

వెనక గోడౌన్ తలుపు మూసుకోగానే సారా వీపుకు పిస్టల్ తగిలింది.

“ఏందిమే ఇది?”

“గెలిచేటోళ్ల పక్కన ఉండాల గదామే.”

లోపల కాచుకునున్న విక్టర్ స్వయంగా సారా తలకు టోపీ బిగించాడు. సారా వెనక స్టాండు మీద తిరిగే తుపాకీ. ఎదురుగా కుడివైపొక తలుపు, ఎడమవైపొక తలుపు. ఎడమ తలుపు పక్కనే బల్లమీద ల్యాప్‌టాప్. గుండు మనిషిలోనే ఆగుతుంది, ల్యాప్‌టాప్ దాకా రాదని విక్టర్ ధీమా. గోడమీది తెరపై కుడికొకటి, ఎడమకొకటి రెండు గీతలు, వాటి పైన ఒక ఎర్ర గీత. ఏది దాన్ని దాటితే తుపాకీ అటు పేలుతుంది. కొనేవాళ్లు వీడియోలో చూస్తున్నారు. ఫైల్ అప్పటికే వాళ్లకు వెళ్తోంది.

“రన్!” అన్నాడు విక్టర్.

సారా కదల్లేదు. కబడ్డీలో ప్రత్యర్థుల కోర్టులో నిలబడినట్టు మోకాళ్లు వంచింది. కుడికి దూకాలి. ఎడమకీ దూకాలి. రెంటినీ మనసులో సమంగా పట్టుకుంది. రెండు గీతలూ జంటగా లేచి, ఎర్ర గీత కిందే ఊగాయి. తుపాకీ కుడికీ ఎడమకీ తల తిప్పుతూ గుర్రుమంది.

వీడియోలో ఎవరో నవ్వారు. విక్టర్ మొహం కందిపోయింది. “చూజ్!”

“నువ్వు చెప్తే ఎంచుకోవాలా? నా కాళ్లు నా ఇష్టం!”

విక్టర్ బల్ల వదిలి పిస్టల్‌తో ఆమె మీదికి వచ్చాడు. ఫైల్ దాదాపు వెళ్లిపోయింది. సారా ఎడమ తలుపు వైపు చూసింది. ఉత్తుత్తిగా కాదు, నిజంగానే దూకాలనుకుంది. కాలి కండరం బిగిసింది. ఎడమ గీత రివ్వున ఎర్ర గీతను దాటింది.

అప్పుడు ఆపుకుంది. ఒళ్లంతా వణికింది. కాలు మాత్రం నేల వదల్లేదు.

తుపాకీ పేలింది. గుండు ఆమె భుజం పక్కనుంచి దూసుకుపోయి ల్యాప్‌టాప్‌ను ముక్కలు చేసింది. తెర నల్లబడింది. ఫైల్ చివరి ముక్క దాటలేదు.

విక్టర్ వెనక్కి తిరిగాడు. ఆ చిన్న సందు సారాకు చాలు. వాడి చీలమండ పట్టి నేలకు విసిరింది. వాడు చేజారిన పిస్టల్ వైపు చెయ్యి చాచేలోపు మధులత హైహీల్ వాడి మణికట్టు మీద దిగింది.

“మొదట్నించీ నేను నీ పక్కేమే!” అంది మధులత, చీర సర్దుకుంటూ.

సారా ఫోన్ తీసింది. “పనయింది సార్.”

“మధులత సంగతేంది? ఇంతకీ ఎవరి మనిషి?”

“ఇంకా తేల్చుకున్నట్టు లేదు సార్. తేల్చుకునేదాకా ఉండనీ అని బేడీలు ఏసినాను.”