బొంగరం కూర్చున్న రోజు

“ఈసారి ఎవర్ని లేపేయాలి సార్?” అన్నాడు ఏజెంట్ బొంగరం, చీఫ్ గదిలో అడుగు పెడుతూనే.

“ఎవర్నీ కాదు. కాస్త కోడ్ లేపేయాలి. కూర్చో.”

బొంగరం కూర్చోలేదు. అతను కూర్చోగా డిపార్ట్‌మెంట్‌లో చూసినవాళ్లు లేరు. కదిలే రైళ్ల మీంచి దూకాడు, పహారా ఉన్న గోడలు ఎక్కాడు, పట్టపగలు శత్రువుల కారులోనే శత్రువుల ఆఫీసుకి వెళ్లొచ్చాడు. ఒకచోట కుదురుగా ఉండమంటే మాత్రం అరికాళ్లు మండిపోతాయి. ఆ పేరు పెట్టింది అతని అక్క. చిన్నప్పుడు నాలుగు ముద్దలు తినిపించడానికి ఇల్లంతా వీడి వెనక పరిగెత్తిన మనిషికి ఆ మాత్రం హక్కుంది.

“మీ అక్క దగ్గర్నుంచి సిగ్నల్ వచ్చింది,” అన్నాడు చీఫ్.

కిటికీ దాకా వెళ్లిన బొంగరం గిరుక్కున తిరిగాడు. అక్క కూడా ఏజెంటే. సరిహద్దుకి అవతల పియానో టీచర్‌గా చెలామణీ అవుతోంది.

“ఆమె మీద అనుమానం వచ్చింది. ఎక్కడో దాక్కుంది. ఈ సాయంత్రం దాకానే ఆగగలదు. ఆ చోటేదో సిగ్నల్‌లోనే ఉంది. దాన్ని విప్పగలిగేది మన బేస్‌మెంట్‌లోని కంప్యూటర్ ఒక్కటే.”

“విప్పండి మరి! ఇంకా చూస్తారేంటి?”

“విప్పితే అవతలివాళ్లకీ తెలిసిపోతుంది.”

చీఫ్ విడమరిచి చెప్పాడు. ఏ ప్రాసెసరైనా పని ఉంటే స్పీడు పెంచుకుంటుంది, లేకపోతే తగ్గించుకుంటుంది. ఎప్పుడు ఎంత అనేది కెర్నెల్ చెబుతుంది, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రాం. ఆ కెర్నెల్లో ఈ పనికి అందరికీ పనికొచ్చే ఒక కోర్ భాగం ఉంది. ఒక డ్రైవర్ మాత్రం, అంటే ప్రాసెసర్‌ని నడిపే చిన్న ప్రోగ్రాం, ఏళ్ల క్రితం దాన్ని నమ్మకుండా, స్పీడ్ల పట్టికకి సొంత నకలు పెట్టుకుని, స్పీడు మార్చడానికి సొంత ఫంక్షన్ రాసుకుంది. ఆ ఫంక్షన్‌లో ఎవరో నాలుగు దొంగ లైన్లు దూర్చారు. కంప్యూటర్ ఏం చదివినా, దానికి తగ్గట్టు స్పీడు ఒక లయలో పైకీ కిందికీ ఊగుతుంది. గోడ అవతల రిసీవర్ పెట్టుకుని కూర్చున్నవాడు ఆ ఊగులాటకి లేచే రేడియో అలల్ని అక్షరాలుగా మార్చుకుంటాడు. నెట్‌వర్క్ వైరు కూడా లేని కంప్యూటర్ అలా గుట్టు విప్పేస్తోంది.

“ఆ లైన్లు మనమే తుడిచేస్తే?”

“కెర్నెల్ టీం డిజిటల్ సంతకం లేని కెర్నెల్‌ని ఆ కంప్యూటర్ ఎక్కించుకోదు. ఈ వారం బిల్డ్, అంటే మార్పులన్నీ కలిపి కొత్త కెర్నెల్ తయారుచేయడం, సాయంత్రం ఐదింటికి. నువ్వు కొత్తగా చేరిన ఇంజనీర్‌వి. ఆ డ్రైవర్ని సింప్లిఫై చేస్తున్నానని చెప్పు. టీంలో వాళ్ల మనిషి ఒకరున్నారు, ఎవరో తెలీదు. మన మనిషీ ఒకరున్నారు, లిఫ్ట్ దగ్గర కలుస్తుంది.” చీఫ్ ఒక చేతి వాచీ అందించాడు. “ఆ దొంగ లయ దగ్గర్లో ఎక్కడున్నా ఇది చురుక్కుమంటుంది.”

పవర్ లేని కళ్లజోడు, స్టిక్కర్లు అంటించిన లాప్‌టాప్, నలిగిన టీషర్టు. మారువేషం పూర్తయింది. లిఫ్ట్ దగ్గర నీలం స్కార్ఫ్ కట్టుకున్న అందగత్తె నిలబడి ఉంది. ఆఫీసంతా ఆమెని నెమలి అంటారట. అనకపోతేనే ఆశ్చర్యం.

“ఈ లిఫ్టుకి ఎప్పుడూ ఇంత తొందరేనా?” అన్నాడు బొంగరం.

“బరువు తక్కువైతే అంతేనండీ,” అంది ఆమె, తలైనా తిప్పకుండా.

గుర్తింపు మాట సరిపోయింది. బొంగరం ఊపిరి పీల్చుకున్నాడు.

పదో అంతస్తులో కీబోర్డుల చప్పుడు తప్ప మరో శబ్దం లేదు. టీం పెద్దని అందరూ మేస్త్రి అంటారు. కెర్నెల్లోకి ఏ మార్పు వెళ్లాలన్నా ఒక రివ్యూయర్ ఓకే చెప్పాలి, తర్వాత మేస్త్రి చెయ్యి పడాలి. ఈ డ్రైవర్‌కి రివ్యూయర్ నెమలే. టేబుల్ మీద టెస్ట్ మెషిన్ ఆన్ చేయగానే మణికట్టు మీద వాచీ చురుక్కుమంది. దొంగ లయ ఇక్కడే ఉంది. మధ్యాహ్నం కాకముందే బొంగరం ఆ నకలు పట్టికనీ, దొంగ ఫంక్షన్‌నీ ఒక్క దెబ్బతో తీసేసే పాచ్, అంటే మార్పుల జాబితా, రాసి నెమలికి పంపాడు.

నెమలి జవాబు తియ్యగా వచ్చింది. “చాలా బాగుందండీ. కానీ పాచ్ పెద్దదైంది, చిన్న చిన్న ముక్కలుగా పంపండి. ఆ ఫంక్షన్ మాత్రం ముట్టుకోకండి. పాత సర్క్యూట్ బోర్డులకి కావాలి.”

బొంగరానికి ఒళ్లు మండింది. అక్కడ అక్క ప్రాణం, ఇక్కడ ముక్కలు! లేచి కాలుగాలిన పిల్లిలా క్యాంటీన్ చుట్టూ తిరిగాడు. అక్కడ మేస్త్రి టీ తాగుతున్నాడు.

“మేస్త్రీ, ఈ డ్రైవర్ వాడే పాత బోర్డులు ఇంకా ఉన్నాయా?”

“పాత బోర్డులా? ఆఖరిది నా చేత్తోనే చెత్తబుట్టలో పడేశా. ఎందుకు?”

“ఊరికే.”

ఊరికే ఎలా అవుతుంది? బొంగరం కాళ్లు మొదటిసారి వాటంతటవే ఆగిపోయాయి. మన మనిషీ, వాళ్ల మనిషీ ఒకరే. ఆమెని ఇప్పుడే పట్టిస్తే, ఆమె నుంచి కబురు రాకపోయేసరికి అవతల వేట మొదలవుతుంది. ఆమె ఓకే లేకపోతే పాచ్ కదలదు. దూకడానికి రైలు లేదు, ఎక్కడానికి గోడ లేదు. ‘వాళ్ల మనిషి నెమలే, బిల్డ్ అయ్యేదాకా ఆగి లిఫ్టులో రండి’ అని చీఫ్‌కి మెసేజ్ పెట్టాడు. ఇక చేయగలిగింది ఒక్కటే. వెళ్లి కూర్చున్నాడు.

ఆమె అడిగినట్టే ముక్కలు చేశాడు. దొంగ ఫంక్షన్ జోలికి పోలేదు. కానీ దాన్ని కాల్ చేసే, అంటే పనికి పిలిచే, చోట్లు మూడున్నాయి: పని పెరిగినప్పుడు, మెషిన్ నిద్ర లేచినప్పుడు, వేడెక్కినప్పుడు. ఒక్కో ముక్కలో ఒక్కో కాల్ తీసేసి, ఆ పని కోర్‌కి అప్పజెప్పాడు. ప్రతి ముక్కకీ కారణం సబబుగానే ఉంది: కోర్ ఎలాగూ చేస్తున్నదాన్ని డ్రైవర్ మళ్లీ చేయడం దేనికి?

నెమలి కళ్లన్నీ ఫంక్షన్ మీదే. అది చెక్కుచెదరలేదని చూసుకుని, వివరణలో కామాలు సరిదిద్దమని చెప్పి, ఒక్కోదానికీ ఓకే కొడుతూ పోయింది. మధ్యమధ్య ఫోన్‌లో ఎవరికో మెసేజ్ పెడుతోంది. వాచీ చురుక్కుమన్నప్పుడల్లా బొంగరం పళ్లు బిగపట్టాడు. ముళ్ల మీద కూర్చున్నట్టుంది. అయినా లేవలేదు.

ఆఖరి ముక్క మేస్త్రి చేతుల మీదుగా లోపలికి వెళ్లింది. ఐదింటికి బిల్డ్ మొదలైంది. వెంటనే గోడ మీద ఎర్రలైటు వెలిగింది.

“ఎవడ్రా వార్నింగ్ తెచ్చింది?” మేస్త్రి గర్జించాడు. అక్కడ ఒక్క వార్నింగ్ ఉన్నా బిల్డ్ ఆగిపోతుంది. స్క్రీన్ మీద, కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ కంప్లైంట్: ఈ ఫంక్షన్ ఉంది గానీ దీన్నెవరూ వాడటం లేదు.

నెమలి మొహంలో రంగు మారింది. మరుక్షణమే సర్దుకుంది. “కంగారు పడకండి మేస్త్రీ. ఆఖరి ముక్క వెనక్కి తీసేస్తే ఆ ఫంక్షన్ మళ్లీ వాడకంలోకొస్తుంది. వార్నింగ్ పోతుంది.”

“బిల్డ్ మెషిన్ ఇంకొక్కసారే ప్రయత్నిస్తుంది. అదీ పోతే మళ్లీ వచ్చే వారమే,” అంటూ మేస్త్రి కీబోర్డు మీదికి వంగాడు.

వచ్చే వారానికి అక్క ఉండదు. బొంగరానికి ఎగిరి ఆ కీబోర్డు లాక్కోవాలనిపించింది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, వీలైనంత బద్ధకంగా అన్నాడు.

“అలాగే తీసేయండి. వెనక్కి తీస్తే కారణం రాయాలిగా? ఓకే చెప్పింది మేడమే. మేడమే చెప్తారు, ఏ బోర్డుకి కావాలో.”

మేస్త్రి చెయ్యి ఆగింది. “ఔను. ఏ బోర్డుకమ్మా?”

“అదే... పాత బోర్డులకి.”

“ఏ పాత బోర్డు? పేరు చెప్పు, రాస్తా.”

నెమలి ఫోన్‌లో వెతకబోయింది. లేని బోర్డుకి అప్పటికప్పుడు పేరెక్కడ దొరుకుతుంది?

“ఎవరూ వాడని కోడ్‌కి నేను కాపలా కాయను,” అన్నాడు మేస్త్రి. ఫంక్షన్ మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాడు. దొంగ లైన్లు నాలుగూ అందులోనే పోయాయి. బిల్డ్ ఆగినప్పుడు టీం పెద్దకి ఆ హక్కుంది కాబట్టి తన మార్పుకి తానే ఓకే అని, బిల్డ్ మెషిన్ రెండోసారి కన్ను తెరిచే లోపు లోపలికి తోసేశాడు.

ఎర్రలైటు పచ్చగా మారింది. బొంగరం టేబుల్ మీద టెస్ట్ మెషిన్ కొత్త కెర్నెల్‌తో లేచింది. వాచీ చురుక్కుమంటుందని ఎదురుచూశాడు. అనలేదు. కళ్లు చెమ్మగిల్లితే కళ్లజోడు తుడుచుకుంటున్నట్టు నటించాడు.

“కాఫీ తెచ్చుకుంటా,” అంటూ నెమలి చల్లగా లిఫ్ట్ దగ్గరికి జారుకుంది. ఫోన్ చేతిలోకి తీసుకునేలోపే తలుపులు తెరుచుకున్నాయి. లోపల చీఫ్, పక్కన ఇద్దరు వస్తాదులు.

“ఈ లిఫ్టుకి ఎప్పుడూ ఇంత తొందరేనా మేడమ్?” అన్నాడు చీఫ్, ఫోన్ అందుకుంటూ.

గంటలో బేస్‌మెంట్ కంప్యూటర్ కొత్త కెర్నెల్‌తో లేచి, అక్క సిగ్నల్‌ని గుట్టుచప్పుడు కాకుండా విప్పేసింది.

మర్నాడు పొద్దున బొంగరం డిపార్ట్‌మెంట్ వరండాలో పచార్లు చేస్తుంటే ఫోన్ మోగింది.

“ఒరేయ్, సరిహద్దు దాటేశాను,” అంది అక్క. గొంతు బొంగురుపోయి ఉంది, నవ్వుతోంది. “బతికించావురా. ఏం చేశావ్? కాల్పులా? ఛేజింగా?”

“లేదక్కా. రోజంతా కుర్చీలో కూర్చున్నాను.”

అక్క నవ్వు ఆపేసింది.

“సర్లే, చెప్పడానికి వీల్లేకపోతే వీల్లేదని చెప్పు,” అంది అక్క. “నాక్కూడా అబద్ధాలు చెప్పాలా?”