పాపాఘ్ని వంతెన, గ్రీకు గూబ

మరో అసైన్‌మెంట్! వినగానే ఏజెంట్ జ్ఞానరాజుకు మోకాళ్ళు సలిపాయి. వయసు యాభై రెండు. రెండో ప్రపంచ యుద్ధమేమో నాలుగో ఏడు దాటినా తెమలడం లేదు.

మద్రాసు ఆఫీసులో చీఫ్ రెండు వెండి నాణేలు టేబుల్ మీద పెట్టాడు.

"రెండువేల ఏళ్ళ నాటి గ్రీకు సరుకు. దీనిమీద పెగాసస్, రెక్కల గుర్రం. దానిమీద ఏథీనా దేవత, వెనకవైపు ఆమె పక్షి. సరిగ్గా ఇలాంటి జతే జర్మన్ ముఠా కోడ్. కడప జిల్లాలో ఒక రైలు వంతెన కింద డైనమైట్ పెట్టారు. పేల్చే కూలీకి చదువు రాదు. గుర్రం అందితే పారిపోవాలి, పక్షి అందితే పేల్చాలి."

"ఏ వంతెన?"

"నాణెం అందించే మిస్ డోరాకే తెలుసు. ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్. గుర్రాన్ని పంపి నీకు చెబుతుంది."

గురువారం. బైబిళ్ళు అమ్మేవాడి వేషంలో జ్ఞానరాజు కమలాపురంలో డోరా ఉండే బంగళాకు చేరాడు. తొలిచిన పాటల పుస్తకంలో పిస్తోలు. ఆ పాపానికి ప్రతి ఆదివారం క్షమాపణ అడుగుతూనే ఉన్నాడు.

డోరా లిప్‌స్టిక్ దిద్దుకుంటూ నవ్వింది. "సారీ రాజూ. పక్షినే పంపాను. నేను మొదటినుంచీ వాళ్ళ మనిషినే. కూర్చో, నాలుగున్నర రైలు ఆ వంతెన ఎక్కడం ఈ కిటికీలోంచి బాగా కనిపిస్తుంది."

ఆ రైల్లో గాయపడ్డ సిపాయిలున్నారు. వాళ్ళకు నర్సుగా అతని ఒక్కగానొక్క కూతురు విశ్వాసమ్మ ఉంది.

డోరాను లోపలే ఉంచి గొళ్ళెం పెట్టాడు. పరుగెత్తాడు. పాపాఘ్ని ఏటి ఇసుకలో కాళ్ళు దిగబడుతున్నాయి. దేవుడా, నా బిడ్డ! వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ పైకెక్కేసింది.

వంతెన నీడలో ఒకడు తీరిగ్గా బీడీ కాలుస్తున్నాడు. పేల్చాల్సిన కూలీ, కోడుమూరు దేవేంద్రప్ప. జ్ఞానరాజును ముఠా మనిషే అనుకున్నాడు.

"ఒత్తి ముట్టించలేదా?"

"యాడ ముట్టించేది సామీ! పిట్ట బొమ్మ వస్తాదనిరి. తీరా సూస్తే గూబ! గూబ మొగం సూసి పని మొదులుపెట్టేటోడు ఉంటాడా? రేపు మంచి గడియ సూసుకోని ముట్టిస్తామని కూర్చోనుండా."

తల మీదుగా రైలు దడదడా వెళ్ళిపోయింది. జ్ఞానరాజు ఇసుకలో కూలబడి భోరున ఏడ్చాడు. తర్వాత గుర్తొచ్చి బేడీలు తీసి దేవేంద్రప్పకు వేశాడు.

బహుమానంగా చీఫ్‌ దగ్గర ఆ గూబ నాణెం అడిగి తీసుకుని కర్నూలు ఇంటికి వచ్చాడు. భార్య జీవమ్మ గడపలోనే ఆపింది.

"గూబనా? ఇంట్లోకి తేవొద్దు!"

"నీ బిడ్డను కాపాడింది ఇదేనే. దినామూ ప్రార్థన చేసేదానివి, నీకీ శకునాలేంది?"

"ప్రార్థన ప్రార్థనే, గూబ గూబే. యాడన్నా పారేసొచ్చి కాళ్ళు కడుక్కో."

జ్ఞానరాజు సలిపే మోకాళ్ళతో మళ్ళీ వీధిలోకి నడిచాడు. మరో అసైన్‌మెంట్!