ఉసిరి జాడీలో తడి చెయ్యి

పిల్లలూ, ఉప్పు లేని కూడు ఎప్పుడైనా తిన్నారా? ఒక్క పూట తిని చూడండి, కుంతలగిరి ప్రజల కష్టం మీకు చప్పున బోధపడుతుంది. పాపం, వాళ్ళు ఆరు నెలలుగా చప్పిడి కూడే తింటున్నారు. రాజుగారి విస్తరిలోనూ చప్పిడే.

కుంతలగిరికి ఉప్పు రావాలంటే సముద్రపు రేవు నుంచి ఒకటే దారి, అది కారడవి గుండా పోతుంది. ఆ అడవిలో కరాళుడనే రాక్షసుడు వచ్చి చేరాడు. వాడికి పొగ పడదు. ఎవరైనా చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి అన్నం వండుకుంటే చాలు, పొగ వాసన పట్టుకుని వచ్చి అందరినీ శిలలు చేసేసేవాడు. దారి తెరిపించి వస్తానని యువరాజు జయశీలుడు అరవై బళ్ళతో బయలుదేరాడు. అడవి నడుమ సద్ది మూటలు అయిపోగానే వంటవాళ్ళు గాడిపొయ్యి తవ్వి వంట మొదలుపెట్టారు. ఇక చెప్పేదేముంది, బళ్ళూ ఎడ్లూ యువరాజూ అంతా రాళ్ళే. వచ్చే అమావాస్య దాటితే ఆ రాళ్ళు పొడిపొడిగా రాలిపోతాయని ఆస్థాన జ్యోతిష్కులు చెప్పారు. అమావాస్యకు ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఆ రాళ్ళలో పేరయ్య కూడా ఉన్నాడు. బళ్ళ మీద దూరాలు పోయే వర్తకులకు దారి తిండి కట్టి ఇవ్వడం పేరయ్య ఇంటి వృత్తి. మంట లేకుండా తినేవి, ఎండకి పాడవనివి, పిల్లాజెల్లా కలిసి చెట్టు నీడన కూర్చుని తినేవి, అన్నీ వాళ్ళింట్లో దొరికేవి. ఆయన భార్య అంకమ్మ, పెళ్ళీడు కూతుళ్ళు ఇద్దరు, ముత్యాలు, పగడాలు.

మన కథ పెద్దదైన ముత్యాలుది. చురుకైన పిల్ల, ధైర్యం గల పిల్ల, కానీ చెల్లెలంటే ఒళ్ళు మంట. ఎందుకంటారా? ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర, ఒకే అమ్మ దగ్గర నేర్చుకున్నారు. అయినా పగడాలు కలిపిన పచ్చడి ఏడాదైనా చెక్కుచెదరదు, ముత్యాలు కలిపింది నాలుగు నెలలకే రంగు మారుతుంది. వచ్చిన వర్తకుడల్లా చిన్నమ్మాయి చేతి సద్దే కావాలనేవాడు. అది విన్నప్పుడల్లా ముత్యాలు మూతి ముడుచుకుని పెరట్లోకి పోయేది. నాన్న కూడా అందరి ముందూ పగడాలు చేతినే మెచ్చుకునేవాడు. అన్నిటికన్నా అదే ఎక్కువ గుచ్చుకునేది.

రాజుగారు చాటింపు వేయించినా ఎవరూ ముందుకు రాలేదు. అంకమ్మ కొంగు బిగించి, పొగ లేకుండా అడవి దాటడం మా ఇంటి పనేనని చెప్పి కూతుళ్ళిద్దరితో మూటలు కట్టింది. ఆపదకని ఇంట్లో దాచిన గుప్పెడు ఉప్పూ వేసి పగడాలు చింతపండు పులిహోర కలిపింది. అది మొదటి రెండు రోజులకు. ఆ తరువాతకి ఎండబెట్టిన జొన్నరొట్టెలు, ముత్యాలు చేసిన నువ్వుండలు. చివరి రోజులకు పేలపిండి, బెల్లం, అటుకులు. నీళ్ళు పోస్తే చాలు, ముద్ద అయిపోతుంది. వీటన్నిటితో పాటు పగడాలు నిరుడు పెట్టిన ఉసిరికాయ పచ్చడి జాడీ ఒకటి. రాజ్యం మొత్తంలో ఉప్పు తగిలిన పచ్చడి అదొక్కటే మిగిలింది.

అడవి మొదట్లో ఒక ముని వాళ్ళను ఆపి మూడు మాటలు చెప్పాడు. నిప్పు రాజేయవద్దన్నాడు. దారిలో ముగ్గురు తిండి అడుగుతారు, అడిగింది పెడితే రాళ్ళు లేచే దారి దొరుకుతుందన్నాడు. పాడైన ముద్ద పెట్టిన చెయ్యి ఎవరిదైతే, వాళ్ళు అక్కడికక్కడే రాయి అవుతారన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం లోయ అడ్డం వచ్చింది. ఒడ్డున తాడిచెట్టంత కొంగ నిలబడి ఆకలన్నది. పగడాలు ఆకులో పులిహోర పెట్టింది. కొంగ ఒక్కొక్క మెతుకే ఏరుకుని తిని, తన జన్మలో ఇంత మంచి ముద్ద తినలేదని ముగ్గురినీ వీపు మీద ఎక్కించుకుని లోయ దాటించింది. దారి పొడవునా పగడాలునే పొగిడింది. వెనక కూర్చున్న ముత్యాలు కొంగ ఈకలు గట్టిగా పట్టుకుంది, పడిపోతానన్న భయంతో మాత్రం కాదు.

నాలుగో రోజు ఎలుగుబంటి వచ్చింది. ఈసారి ముత్యాలు ముందుకు దూకి తన నువ్వుండలు పెట్టింది. ఎలుగుబంటి నాలుగు ఉండలు గుటుక్కున మింగి, బాగున్నాయని ఒక్క మాట అనకుండా, ఆ మూటలో జొన్నరొట్టె ఉంటే పెట్టమన్నది. రొట్టె నములుతూ కళ్ళు మూసుకుని, ఇది చేసిన చేతికి దండం పెట్టాలన్నది. రొట్టెలు చేసింది ఎవరో మీకు వేరే చెప్పాలా? ముత్యాలు నువ్వుండలు బాగాలేవా అని అడగబోయి, ఏడుపు వస్తుందని మానేసింది.

ఐదో రోజు పొద్దున వాగు దగ్గర ఆగారు. అటుకులు తడిపి బెల్లం కలుపుతూ అంకమ్మ మెల్లగా అన్నది, "మీ నాన్న లేవగానే మొదటి ముద్ద మన పగడాలు ఉసిరికాయ పచ్చడితోనే పెడతాను. ఆయనకి ప్రాణం లేచొస్తుంది."

ముత్యాలు వాగులో చేతులు కడుక్కుంటున్నది. ఆ మాట చెవిన పడగానే చేతులు అలాగే ఆగిపోయాయి. ఆ మొదటి ముద్ద కూడా దానిదేనా, నడిచింది నేను కాదా, మూటలు మోసింది నేను కాదా అని లోపల కుతకుతలాడింది. తల్లీ చెల్లెలూ పళ్ళు ఏరడానికి పొదల వైపు వెళ్ళారు. ముత్యాలు జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పింది. వాళ్ళింట్లో జాడీ ముట్టుకునే ముందు పొడిగుడ్డతో మూడుసార్లు చెయ్యి తుడుచుకోవాలి. నడక వచ్చిన నాటి నుంచీ ఆ కట్టుబాటు వాళ్ళకి తెలుసు. ముత్యాలు తుడుచుకోలేదు. నీళ్ళు కారుతున్న చేతిని మణికట్టు దాకా జాడీలో ముంచి, ఒకసారి తిప్పి, తీసేసి గుడ్డ కట్టేసింది. రాక్షసుడి సంగతి ఆ క్షణాన ఆమెకు తట్టనే లేదు. ఉక్రోషంలో ఉన్నవాళ్ళు అంత దూరం ఆలోచిస్తారా?

ఆ పూట నడుస్తుంటే పగడాలు తన ఓణీ చింపి అక్క కాలికి కట్టింది, ముల్లు గుచ్చుకుందని. ముత్యాలు అప్పుడూ జాడీ సంగతి బయటపెట్టలేదు.

ఎనిమిదో రోజు రాతి బళ్ళ దగ్గరికి చేరారు. అరవై బళ్ళూ వరుసగా ఉన్నాయి. మొదటి బండి పక్కన పేరయ్య, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని దూరంగా చూస్తున్నట్టే రాయి అయి ఉన్నాడు. అంకమ్మ ఆయన పాదాల దగ్గర కూలబడింది. అప్పుడే కొండ వెనుక నుంచి కరాళుడు దిగాడు. వాసన చూసి పొగ లేదని తేల్చుకుని, ముని చెప్పిన మూడోవాడు తనేనన్నాడు.

"తీపి వద్దు. ఉప్పూ పులుపూ ఉన్న ముద్ద కావాలి. అది నచ్చితే వీళ్ళ సంగతి ఆలోచిస్తాను."

పగడాలు సంతోషంగా జాడీ ముందుకు లాక్కుంది. పొడిగుడ్డ తీసి చెయ్యి మూడుసార్లు తుడుచుకుంది. మూతి గుడ్డ ముడి విప్పబోతోంది. మూడు రోజుల తడి ఆ జాడీలో ఏం చేసి ఉంటుందో ముత్యాలుకి తెలుసు. చెల్లెలు ఆ ముద్ద పెడితే, పెట్టిన చెయ్యి చెల్లెలిదే. ఊరుకుంటే ఇక ఎవరూ పగడాలుని మెచ్చుకోరు. ఆ ఆలోచన కూడా వచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి, వచ్చింది. రాగానే తన మీద తనకే రోత పుట్టింది. ఒక్క గెంతులో వెళ్ళి జాడీ లాక్కుంది.

"ఇది పెట్టకు. పాడైపోయింది. నేనే పాడు చేశాను, కావాలని తడి చెయ్యి పెట్టాను."

గుడ్డ తీస్తే లోపల తెల్లగా బూజు. పగడాలు జాడీ వంకా అక్క వంకా చూసింది. అంకమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కరాళుడు వంగి, ముత్యాలు ముఖంలో ముఖం పెట్టి ఎందుకని అడిగాడు.

"కుళ్ళు," అన్నది ముత్యాలు. "అందరూ దాన్నే మెచ్చుకుంటారు. మా నాన్న కూడా. శిక్ష ఏదైనా నాకు వెయ్యి. దానికి ఏమీ తెలియదు."

కరాళుడు కోపంతో ఊగిపోతాడని అనుకున్నారు కదూ? అంత పెద్ద రాక్షసుడు నేల మీద చతికిలబడ్డాడు.

"నేనూ ఒకప్పుడు రాజుగారి వంటవాణ్ణే," అన్నాడు. "నా తమ్ముడి చెయ్యి నాకంటే మంచిది. వాడి జాడీలో నేనూ తడి చెయ్యి పెట్టాను. రాజుగారికి జబ్బు చేసింది, వాణ్ణి దేశం నుంచి వెళ్ళగొట్టారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు."

ఆ పాపానికే అతను రాక్షసుడయ్యాడు. వంటింటి పొగ ముక్కుకి తగిలితే తమ్ముడే గుర్తొచ్చి పిచ్చెత్తేదట. ఇదే తప్పు చేసినవాళ్ళు, ఎవరూ పట్టుకోకముందే తమ నోటితో ఒప్పుకోవడం అతను వింటేనే శాపం తీరుతుందట. మాట పూర్తయ్యేసరికి రాక్షసుడు లేడు, బక్కచిక్కిన ముసలి వంటవాడు కూర్చుని ఉన్నాడు. వెనకాల ఎడ్ల మెడల్లో గంటలు మోగాయి.

పేరయ్య కళ్ళు నులుముకుని ముందు పగడాలుని చూసి, పగడాలూ అని పిలిచాడు. ముత్యాలుకి చురుక్కుమంది. అయినా పేలపిండిలో బెల్లం, నీళ్ళు కలిపి ఆ ముద్ద చెల్లెలి చేతిలో పెట్టి, నువ్వే పెట్టు అన్నది. పగడాలు ముద్దను రెండుగా చేసి సగం అక్క చేతికి తిరిగి ఇచ్చింది. పేరయ్యకి ఏమీ అర్థం కాలేదు, ఆకలి మీద ఉన్నాడేమో రెండు సగాలూ తినేశాడు.

రేవు నుంచి ఉప్పు బళ్ళు వచ్చాయి. రాజుగారు ఆనందం పట్టలేక, తిరుగు దారిలో పగడాలు మీద మనసుపడ్డ యువరాజు కోరినట్టే ఆమెతో పెళ్ళి నిశ్చయించారు. అడవి దారినీ దాని వెంట ఉన్న ఏడు గ్రామాలనూ ముత్యాలు ఏలుబడిలో పెట్టారు, నిజం చెప్పగలిగినవాళ్ళ చేతిలో దారి భద్రంగా ఉంటుందని.

పెళ్ళి నాటి ఉదయం ముత్యాలు చెల్లెలికి జడ వేస్తున్నది. వేస్తూ వేస్తూ ఆగిపోయింది.

"ఒసేయ్, చెప్పేస్తున్నాను. నాకు ఇంకా కుళ్ళుగానే ఉంది."

పగడాలు వెనక్కి తిరిగింది. కళ్ళలో నీళ్ళు, పెదవుల మీద నవ్వు. "నాకు మాత్రం లేదనుకున్నావా అక్కా? నాన్న ప్రతి ఏడూ రేవుకి నిన్నే తీసుకుపోయేవాడు. నువ్వు వచ్చి సముద్రం గురించి చెబుతుంటే, ఆ జాడీలన్నీ పగలగొట్టాలనిపించేది. నేను ఇంతవరకూ సముద్రమే చూడలేదు."

ముత్యాలు ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో మండిపోతున్నది తనొక్కతే అనుకుంది.

ముహూర్తం మించిపోతోందని బయట పురోహితుడు కేకలు పెడుతున్నాడు. ముత్యాలు జడ పూర్తి చేసి, చెల్లెలి భుజం పట్టుకుని పీటల దాకా నడిపించింది. మర్నాడు తెల్లవారగానే కుంతలగిరి కోట ద్వారం నుంచి ఒక బండి రేవు వైపు కదిలింది. పగ్గాలు అక్క చేతిలో ఉన్నాయి. కొత్త పెళ్ళికూతురు ముందు కూర్చుంది. యువరాజుగారు మూటల మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉన్నారు.